రచయిత్రి పరిచయం

నా వ్యాసాల కింద చిన్న అక్షరాల్లో ఒక పరిచయం వేస్తారు: 'ఆరోగ్య రచయిత్రి. టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో నివాసం. ఆసక్తులు: నిద్ర, నడక, పోషకాహారం, ఒత్తిడి లేని జీవనం.' ఇందులో ఇర్వింగ్ ఒక్కటే నిజమని మా ఆయన అంటారు. ఆసక్తులన్నాను గానీ అలవాట్లనలేదు కదా అని నా సమర్థన.

ఈ వృత్తిలోకి నేను వీసా దారిలో వచ్చాను. ఆయనది హెచ్-1బి, నాది హెచ్-4. 2015 మే నెలాఖరు దాకా ఆ వీసా మీద వచ్చిన భార్యలు ఇక్కడ జీతానికి పనిచేయడానికి లేదు. ఆ తర్వాత కూడా భర్తగారి గ్రీన్‌కార్డు కాగితాలు ఒక మెట్టు ఎక్కితేనే అనుమతి. ఎంతకని గోడలు చూస్తూ కూర్చుంటాం? 'చలికాలంలో చర్మ సంరక్షణ' అని ఒకటి రాసి ఊళ్లో పత్రికకి పంపాను. టెక్సాస్‌లో చలికాలం ఎన్నాళ్లుంటుందమ్మా అని అడగని సంపాదకుడు దొరకడం నా అదృష్టం. వేసేశారు. పారితోషికం ఇవ్వలేదు గనక అమెరికా చట్టానికీ భంగం కలగలేదు. అనుమతి వచ్చాక డబ్బులిచ్చే చోట్లు కూడా దొరికాయి.

నేను చదివింది బీకాం. క్యాలరీల కూడికలూ తీసివేతలూ వచ్చినప్పుడు ఆ చదువు అక్కరకొస్తుంది. మా తరానికి తెలుగులో ఆరోగ్య శీర్షిక అంటే విజయవాడ డాక్టర్ సమరం గారు. ఆయన జవాబుల పేజీని ఇంట్లో పెద్దవాళ్లు దాచేవారు, మేం వెతికి పట్టుకుని చదివేవాళ్లం. ఆయన వైద్యం చదివి రాశారు, నేను ఆయన్ని చదివి రాస్తున్నాను. అందుకే ప్రతి వ్యాసం చివరా 'మీ డాక్టరును సంప్రదించండి' అని తప్పకుండా వేస్తాను. గుండెల మీద చెయ్యేసుకుని రాసే వాక్యం అదొక్కటే.

నిద్ర గురించి చక్కగా రాస్తానని నాకు పేరుంది. పెద్దవాళ్లకి రాత్రికి ఏడు గంటల నిద్రయినా ఉండాలనీ, పడుకునే ముందు ఫోను చూడకూడదనీ చాలాసార్లు రాశాను. రాసిందంతా అర్ధరాత్రి దాటాక, ఫోనులోనే. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి పన్నెండంటే హైదరాబాదులో పొద్దున పదిన్నర, అక్కడి పత్రిక సంపాదకుడు ఆఫీసుకొచ్చి 'మేడం, నిద్ర వ్యాసం ఏమైంది?' అని మెసేజీ పెట్టే వేళ.

నడక సంగతి ఇంకాస్త సిగ్గుచేటు. రోజుకి పదివేల అడుగులన్న లెక్క వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకి కట్టుకునే అడుగుల మీటరు ఒకటి తయారుచేసి, దానికి పదివేల అడుగుల మీటరు అనే అర్థం వచ్చేలా మాన్‌పోకే అని పేరు పెట్టి అమ్ముకుంది. ఆ పేరే ఊరూరా తిరిగి ఆరోగ్య సూత్రమై కూర్చుంది. ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన మనశ్శాంతి ఇంతా అంతా కాదు. ఉత్సాహంగా వ్యాసం రాసి మా ఆయనకి వినిపించాను. అంతా విని, 'పదివేలు అబద్ధమే అనుకుందాం, మరి నీ వెయ్యి ఏది?' అన్నారు.

నడవకపోవడానికి ఊరిని తప్పుపట్టలేను. ఏరోబిక్స్ అనే మాటని లోకం నోట పెట్టిన డాక్టర్ కెనెత్ కూపర్ 1968లో ఆ పేరుతోనే పుస్తకం రాసి, 1970లో తన కేంద్రం పెట్టింది మా పక్కనున్న డాలస్‌లోనే. ఇర్వింగ్‌లోనూ ట్రినిటీ నది వెంబడి క్యాంపియన్ ట్రైల్ అని చక్కటి నడకదారి ఉంది. అక్కడికి నేను కారులో వెళతాను. వెళ్లి, నడకదారి మొదట్లోనే పార్కింగు ఖాళీ అయ్యేదాకా ఏసీ వేసుకుని కూర్చుంటాను. అవతలి చివర చోటున్నా అంత దూరం ఎవరు నడుస్తారు?

అసలు భాగవతమంతా వంటింట్లో ఉంది. అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు. అత్తయ్యగారిది మంతెన సత్యనారాయణ రాజు గారి పద్ధతి: ఉప్పు, నూనె, చక్కెర లేని వంట, పొద్దున్నే లీటర్లకొద్దీ నీళ్లు. మామయ్యగారు ఖాదర్ వలీ గారి మనిషి. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తప్ప ఇంకో గింజ ముట్టరు. 2023లో ఖాదర్ వలీ గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆయన తెనాలిలో వీధి మొత్తానికీ మిఠాయి పంచారట (బెల్లంతో చేసిందే లెండి). మా ఆయన వీరమాచనేని రామకృష్ణ గారి పక్షం: రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్లు, మూడు నిమ్మకాయలు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం పేరెత్తితే చెవులు మూసుకుంటారు.

కొబ్బరినూనె సీసా కనబడితే తల్లి ముఖం తిప్పుకుంటుంది, కొడుకు గ్లాసు పట్టుకొస్తాడు. గింజలెన్ని గంటలు నానితే అంత మంచిదని మామయ్యగారు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఆక్రమించేస్తే, సాయంత్రం నాకు టీ పెట్టుకోవడానికి గరిటె తప్ప ఏమీ మిగలదు. ముగ్గురూ ఏకీభవించే విషయం నీళ్లొక్కటే. అందుకే మా ఇంట్లో తగాదాలన్నీ బాత్రూము తలుపు దగ్గర జరుగుతాయి.

మరి ఆరోగ్య రచయిత్రిగా నేను ఏ పక్షం? వృత్తిధర్మం ప్రకారం తటస్థం. అత్తయ్యగారు వండిన చప్పిడి సొరకాయ కూర మర్యాదకి వేసుకుంటాను. అందులో ఉప్పుండదు గనక పక్కన కాస్త ఆవకాయ. ఆవకాయ వేసుకున్నాక అన్నం లేకపోతే ఎట్లా? మామయ్యగారి కొర్రన్నం రెండు గరిటెలు. కొర్రన్నం గొంతు దిగాలంటే మా ఆయన నెయ్యి. ఆ విధంగా ఇంట్లో మూడు పద్ధతులనూ నిష్ఠగా పాటిస్తున్నది నేనొక్కదాన్నే. బరువు పెరుగుతున్నదీ నేనొక్కదాన్నే.

ఉప్పు తినని అత్తయ్యగారు 'పిల్లల కోసమే' తెచ్చిన ఆవకాయ అది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రధాన కార్యాలయం డాలస్‌లోనే ఉంది. రోజుకి 2,300 మిల్లీగ్రాముల సోడియం మించకూడదనీ, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు 1,500కి తగ్గించుకుంటే మేలనీ వాళ్ల మాట. 2,300 అంటే దాదాపు ఒక టీస్పూను ఉప్పు. ఇవే అంకెలతో నేనో వ్యాసం రాశాను. ఒక ఆదివారం భోజనాల వేళ దాన్ని ఎవరో పంపితే అత్తయ్యగారు ఫోనులో తెరిచి, అందరికీ పైకి చదివి వినిపించారు. అది కలం పేరుతో రాసింది. పక్కనున్న ఫొటో నా పెళ్లికి ముందుది. చదవడం అయ్యాక నా కంచం వంక చూసి, 'ఎవరో గానీ బంగారంలాంటి పిల్ల, ఎంత చక్కగా చెప్పిందో! నువ్వు కూడా ఇలాంటివి చదవాలే అమ్మాయ్' అన్నారు. నేను ఆవకాయ ముద్ద నోట్లో ఉండబట్టి జవాబు చెప్పలేదు. మా ఆయన నీళ్లు తాగుతూ పొలమారి, లేచి వసారాలోకి వెళ్లిపోయారు. ఇప్పటికీ ఆ బంగారు పిల్లని నాకు ఆదర్శంగా చూపిస్తూనే ఉన్నారు. ఆమె మీద నాకు అసూయ పుట్టింది కూడా.

ఊరు కూడా నాకు తగ్గదే దొరికింది. స్లర్పీ అనే తియ్యటి ఐసు పానీయం అమ్మే సెవెన్-ఇలెవెన్ దుకాణాల ప్రధాన కార్యాలయం ఇర్వింగ్‌లో ఉంది. ఉపవాసాల మనిషి గాంధీగారి స్మారకమూ ఇర్వింగ్‌లోనే ఉంది. తోటకూర ప్రసాద్ గారి నాయకత్వంలో మనవాళ్లు పూనుకుంటే, 2014 అక్టోబరు 2న థామస్ జెఫర్సన్ పార్కులో కాంస్య విగ్రహం వెలిసింది. అందరికీ ఆయన జాతిపిత. నాకు మాత్రం వృత్తిలో సీనియరు. దక్షిణాఫ్రికాలో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ఆరోగ్యం మీద వ్యాసాలు రాశారు. అవి పుస్తకంగా వచ్చి, తన చిన్న పుస్తకాలన్నిటిలోకీ దానికే ఎక్కువ పేరొచ్చిందని ఆయనే ఆత్మకథలో చెప్పారు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండి కూడా మళ్లీ ఆరోగ్యం మీదే రాయడం మొదలుపెట్టారు.

అంతటి మనిషికీ ఇంట్లో కష్టాలు తప్పలేదు. 1918లో సబర్మతి ఆశ్రమంలో ఒంట్లో బాగాలేక ఆ పూట భోజనం వద్దనుకున్నారట. పండగపూట కస్తూర్బా గోధుమలతో తియ్యగా, నెయ్యికి బదులు నూనె వేసి వండి, పెసలు కూడా పక్కన ఉంచితే మనసాగక తినేశారు. గంటలోపే విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొచ్చింది. కోలుకోవాలంటే పాలు తాగాలన్నారు డాక్టరు. పాలు ముట్టనని ఒట్టు కదా అన్నారు గాంధీ. మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవు, గేదె పాల గురించే గదా, మేకపాలకేం అని ఆ సందు చూపించింది కస్తూర్బాయే. తాగారు. తాగినందుకు తన మీద తానే విసుక్కుంటూ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పేజీలు చదివినప్పటి నుంచి జెఫర్సన్ పార్కులో విగ్రహం ముందు నిలబడితే నాకు భక్తి కంటే చనువెక్కువ. ఆయన తన బలహీనతల్ని తానే బయటపెట్టుకున్నారు. నావి బయటపెట్టడానికి ఇంట్లో ముగ్గురున్నారు.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఒక మనవి. మా ఇంటికి భోజనానికి వస్తే ఏ పద్ధతిలో ఉన్నారో ముందురోజే ఫోను చేసి చెప్పండి, గింజలు నానబెట్టాలి. ఏ పద్ధతీ లేనివాళ్లయితే చెప్పకుండా వచ్చేయండి, మీకు నా పక్కనే కంచం పెడతాను. ఉప్పు మీద వ్యాసం రాసిన అమ్మాయి ఎవరని మా అత్తయ్యగారు అడిగితే మాత్రం తెలీదనండి.