ఏడో నరానికి సిఫారసు

(జిల్లా కేంద్రంలో ఒక ఇంటి వరండా. మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పి రిటైరైన మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. చంకలో ఫ్లెక్సీ చుట్టతో అనుచరుడి ప్రవేశం.)

అనుచరుడు: మాస్టారూ, మీరే కాపాడాలి. మా అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ ఇది. కింద మూలన, ఇదిగో, నేను. నవ్వానండీ, ఒట్టు! చూసినవాడల్లా "పన్ను పీకించుకున్నావా?" అంటున్నాడు.

మాస్టారు: (కళ్లద్దాలు సర్దుకుని) నవ్వింది నీ నోరొక్కటేనయ్యా. చెంప ఎముక మీంచి పెదవి మూలకి దిగే కండరం జైగోమాటికస్ మేజర్. అది పెదవిని పైకి లాగింది. కంటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఆక్యులై మాత్రం ఉలకలేదు, పలకలేదు. కంటి కొసల్లో ముడతలేవీ?

అనుచరుడు: దాన్ని దారికి తెచ్చేదెలాగండీ?

మాస్టారు: అంత తేలిగ్గా రాదు. 1862లోనే డుషేన్ అనే ఫ్రెంచి డాక్టరు దీనిమీద పుస్తకం వేశాడు. ఆయనకి పళ్లూడిన ముసలాయన ఒకడు దొరికాడు. మొహంలో స్పర్శ లేదు, నొప్పి తెలీదు. ఒక్కో కండరానికీ కరెంటు తగిలించి ఫొటోలు తీశాడు. మూతి సాగింది గానీ మనిషి నవ్వినట్టు లేదు. లోపల సంతోషం ఉంటేనే కంటి కండరం కదులుతుందన్నాడు. కావాలని కదిపేవాళ్లూ ఉన్నారని తర్వాత తేలిందనుకో.

అనుచరుడు: మా అన్న ఆ బాపతేనండీ! నాకే రాలేదు. అన్న కారు హారన్ వినపడితే చాలు, ఏ కరెంటూ లేకుండా మూతి సాగుతుంది. ఇంతకీ ఆ కంటి కండరం ఎవరి మాట వింటుంది?

మాస్టారు: ఏడో నరం మాట. నవ్వు, ఏడుపు, చిరాకు... మొహంలో ఏది కనపడాలన్నా అదే.

అనుచరుడు: అయితే ఏడో నరం గారికి పైనుంచి ఒక ఫోను చేయిద్దాం. పైన ఎవరు?

మాస్టారు: మెదడు. అక్కణ్ణుంచి దారులు రెండు. ఒకటి ఆర్డరు వేస్తే నవ్వే దారి. రెండోది మనసు దారి. పక్షవాతం వచ్చినవాణ్ణి నవ్వమంటే మూతి ఒక పక్కకే పోతుంది. అదే మనిషి మనవణ్ణి చూసి రెండు పక్కలా నవ్వడం డాక్టర్లు చూశారు. నువ్వు మొదటి దారినే తొక్కీ తొక్కీ రెండోదాంట్లో గడ్డి మొలిపించావు.

అనుచరుడు: (మెడ రుద్దుకుంటూ) అదలా ఉంచండి. మెడ వెనక ఒకటే సలుపు.

మాస్టారు: తల అయిదు కిలోల దాకా ఉంటుందయ్యా. ముందుకి వంచితే, వాలిపోకుండా వెనక కండరాలే లాగి పట్టుకోవాలి. నిటారుగా నిలబడు, వాటికి పని తగ్గుతుంది.

అనుచరుడు: నిటారుగా నిలబడితే నాకు పని పోతుందండీ!

మాస్టారు: పోనీ, అటూ ఇటూ తిప్పుతుంటావా?

అనుచరుడు: ఎన్నికల ముందు తప్పదు కదా.

(పాఠం చెప్పుకునే అవకాశం దొరికేసరికి మాస్టారు కుర్చీలోంచి లేచారు.)

మాస్టారు: దానికి భలే కండరం ఉంది! స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. తల పక్కకి తిప్పు... ఊఁ, తాడులా లేచింది చూడు. కింద రొమ్ము ఎముకనీ కాలర్ బోన్‌నీ పట్టుకుంటుంది, పైన చెవి వెనక బుడిపెని. చిత్రమేమిటంటే, కుడివైపుది బిగిస్తే మొహం ఎడమకి తిరుగుతుంది.

అనుచరుడు: ఉండేది ఈ పక్క, చూసేది ఆ పక్క. అచ్చం మా అన్నే!

(ఫోను మోగింది. అనుచరుడు చటుక్కున వంగి, ఫోనుకే ఓ దండం పెట్టి చెవికి ఆనించాడు.)

అనుచరుడు: చెప్పన్నా... ఏంటీ, మార్కెట్ యార్డు చైర్మన్ పదవి మన శీనుగాడికి రాలేదా? అయ్యయ్యో... పాపం!

మాస్టారు: కదలకు! చెంపలు పైకి... కంటి కొసల్లో ముడతలు... డుషేన్ చూస్తే మురిసిపోయేవాడు. ఇప్పుడు తీయించు ఫొటో!

అనుచరుడు: ఫొటోకి టైమెక్కడిదండీ, వాడింటికి పరామర్శకి వెళ్లాలి. మూతి మూలలు కిందికి లాగే కండరం ఏదో త్వరగా చెప్పండి!