డ్రిల్లు బాబాయి

కొత్త క్యాలెండరు చేత్తో పట్టుకుని నడుస్తుంటే ఎదురొచ్చి, "అది ఎక్కడ తగిలిస్తారండీ?" అని ఆశగా అడిగే పెద్దమనిషి ఆకివీడులో ఎదురైతే ఆయనే డ్రిల్లు బాబాయి. మా వీధికి ఒకరున్నారు. మీ వీధికి లేకపోతే వచ్చే సంక్రాంతికి తయారవుతారు. ఎందుకంటే ఈ జాతి పుట్టేది పండక్కే. డాలస్ నుంచి అల్లుడొస్తాడు. సెంటు సీసాలు, బాదంపప్పులు, మఫ్లర్లు అన్నీ అయిపోయాయి, మామగారికి ఇంకేం తేవాలో తోచదు. ఈసారి సూట్‌కేసులోంచి పసుపుపచ్చ డ్రిల్లు బయటికొస్తుంది. విడి లిథియం బ్యాటరీల్ని విమానంలో పెట్టెల్లో వెయ్యనివ్వరు కాబట్టి అవి మాత్రం అల్లుడిగారి చేతిసంచీలో, నగల్లాగా వస్తాయి.

అంతవరకూ బాబాయిగారు మామూలు మనిషే. రొయ్యల చెరువులు లీజుకిచ్చేసి, అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆ రోజునుంచి ఆయనకి గోడలు కనిపించడం మొదలైంది.

మొదటి చిక్కు ఛార్జరుతో వచ్చింది. అది అమెరికాలో 120 వోల్టులకి పుట్టింది, మన ప్లగ్గులో 230 ఉంటాయి. తిన్నగా పెడితే మసే. సంగతి అల్లుడికి గుర్తులేకపోయినా ఛార్జరు వెనక ముద్రించిన చిన్నక్షరాలు చదివిన ఘనత బాబాయిగారిదే. ఏలూరు వెళ్లి, వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనుక్కొచ్చారు. దాన్ని దించడానికి రిక్షా అబ్బాయి కూడా ఒక చెయ్యి వెయ్యాల్సొచ్చింది. దాని తీగ, ఛార్జరు తీగ, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగ హాల్లో పరుచుకున్నాక పిన్నిగారు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాటుతూ, "తీగ లేని మిషనన్నారు కదండీ?" అనడిగారు. దానికి ఇంతవరకూ జవాబు లేదు.

రెండో చిక్కు పరువుది. బాబాయిగారి డ్రిల్లు మీద '20 వోల్టులు' అని ఉంది. మా వీధి కరెంటు పనుల కుర్రాడిది 18. "నాది రెండు ఎక్కువ" అని బాబాయిగారు నెల్లాళ్లు మీసం దువ్వారు. నిజానికి రెండింట్లోనూ ఉండేవి వరసగా కలిపిన ఐదేసి సెల్లులే. సెల్లుకి సగటున 3.6 చొప్పున లెక్కేస్తే 18, నిండా ఛార్జయిన క్షణాన 4 చొప్పున లెక్కేస్తే 20. అమెరికా వాళ్లు పెద్ద లెక్క అచ్చేసుకున్నారు, అంతే. కుర్రాడు ఈ మాట చెప్పిన రోజున బాబాయిగారికి అన్నం సయించలేదట. మర్నాడు తేరుకుని, "1971లో చంద్రుడి మీదకి ఏం పట్టుకెళ్లారోయ్? బ్యాటరీ డ్రిల్లే!" అన్నారు. వాడు ఫోన్లోంచి తలెత్తకుండా, "ఆయ్, అపోలో 15 అండి. అక్కడా అనుకున్నంత లోతు దిగలేదంటండి. నేల్లో దింపిన గొట్టం పైకి లాగడానికి ఇద్దరు పట్టాల్సొచ్చిందంటండి" అన్నాడు.

ఇంతకీ బాబాయిగారు బెజ్జం వేస్తే చూడాలి. ఎదురింటివాళ్లు వేంకటేశ్వరస్వామి పటం తగిలించమన్నారు. ఆయన ముందు వాళ్ల ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. "నా జేబులో ఉన్నంతసేపూ మీ గోడలో కరెంటు లేదు" అని ప్రకటన. ఫ్యాన్లు ఆగిపోయాయి. స్విచ్‌బోర్డుకి తిన్నగా పైనా, పక్కనా తీగలు పోతుంటాయని ఆ దారులన్నీ సుద్దతో గీశారు. పిల్లరు జోలికి పోకూడదు, లోపల చువ్వలుంటాయి. బాత్రూము గోడ అసలే వద్దు, గొట్టాలుంటాయి. మిగిలిన జాగాలో పటం పెడితే స్వామివారు తలుపు చాటునుంచి దర్శనమిస్తున్నారు.

తర్వాత వేషం. కండువా తీసేశారు, పంచె మార్చి ప్యాంటు తొడిగారు. చేతికి గ్లవ్స్ ఇస్తానంటే ఎదురింటాయన మీద కేకలేశారు, తిరిగే బిట్టు గుడ్డనీ గ్లవ్స్‌నీ పట్టుకుంటే వేలితో సహా చుట్టేస్తుందని. కళ్లద్దాలు పెట్టుకున్నారు. బ్యాటరీ ఊడదీసి, ఆ తర్వాతే కాంక్రీటు బిట్టు చక్‌లో బిగించారు. ఎంత లోతు కావాలో అంతదగ్గర బిట్టుకి ఎర్ర టేపు చుట్టారు. దుమ్ము రాలడానికి కవరు గోడకి అంటించారు. మళ్లీ బ్యాటరీ తగిలించి, రింగు సుత్తి గుర్తు మీదకి తిప్పి, స్టూలు కదలకుండా పట్టుకోమని ఇద్దర్ని నియమించారు. అప్పటికి గంట దాటింది, జనం చెమటలో తడిసిపోయారు. బెజ్జం పది సెకన్లలో పడింది.

నవ్వుతాం గానీ, ఆయన చేసినవాటిలో అనవసరమైంది ఒక్కటీ లేదు. బిట్టు గోడలో హఠాత్తుగా బిగుసుకుంటే తిరిగేది డ్రిల్లే, దాంతోపాటు మణికట్టూ. అందుకే రెండో చెయ్యి పక్క పిడి మీద ఉండాలంటారాయన. అది తెలియనివాళ్లు కట్టు కట్టించుకుని తెలుసుకుంటారు.

ఇక సంరక్షణ. కొల్లేరు గాలికి మేకు కూడా పండక్కి పండక్కి తుప్పు మారుస్తుంది. అందుకని బిట్లకి నూనెగుడ్డ, బాక్సులో చెమ్మ పీల్చే గుళికల పొట్లాలు. వాటికోసం ఊళ్లో ఎవరు చెప్పులు కొన్నా అట్టపెట్టె ముందు ఈయన చేతికి రావాల్సిందే. బ్యాటరీని మేకులతో, తాళాలతో కలిపి పెట్టనివ్వరు, షార్టవుతుందని. పనయ్యాక వేడిగా ఉంటే చల్లారేదాకా ఛార్జింగు పెట్టరు. కొన్నాళ్లు వాడనప్పుడు సగం ఛార్జితో నీడపట్టున దాస్తారు. "బ్యాటరీ ఒళ్లు కాలితే చేత్తో పట్టి చెప్తారు. మా అత్తగారికి జ్వరమొస్తే మూడో రోజున, 'ఆఁ, ఎప్పట్నుంచి?' అన్నారు" అని పిన్నిగారి ఫిర్యాదు.

ఆయనకి పట్టాభిషేకం జరిగింది మాత్రం చెరువు గట్టు మీద. లీజుకి తీసుకున్నాయన చెరువులో ఏరియేటరు మోటారు బిగించే బోల్టు ఒకటి తుప్పుపట్టి తల విరిగిపోయింది. గట్టు మధ్యలో ప్లగ్గు పాయింటెక్కడిది? కబురొచ్చింది. బాబాయిగారు ముందు స్టార్టరు బాక్సు తెరిచి మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నారు. ఏరియేటర్ని గట్టుకి లాగించి, తడి చేతులు తుడుచుకున్నారు. విరిగిన బోల్టు నట్టనడుమ పంచితో చిన్న గుంట కొట్టారు, బిట్టు జారకుండా. సుత్తి గుర్తు మీంచి రింగు తిప్పేశారు. గేరు ఒకటిలో, చుక్క చుక్క నూనె వేస్తూ, తొందరపడకుండా ఇనప బిట్టు దింపారు. వెండిరంగు పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది. కరెంటు కుర్రాడు కూడా నోరెత్తలేదు. కొత్త బోల్టు బిగించేసరికి కరెంటు పోయింది. సరే, వచ్చాక ఆడుతుందిలే అనుకుని అందరూ ఇళ్లకి పోయారు.

కరెంటు రాత్రి ఒంటిగంటకొచ్చింది. ఏరియేటర్లు తిరగలేదు. చీకటిపడ్డాక నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూనే ఉంటుంది, తెల్లారేలోపు తిప్పకపోతే రొయ్యలు పైకి తేలతాయి. లీజుదారు ఫోను చేసి ఏడుపు ఒక్కటే తక్కువ.

"బాబాయిగారూ, ఎవడో దొంగవెధవ ఫ్యూజులు పీక్కుపోయాడండీ!"

"అందుకే స్టార్టరు బాక్సుకి తాళం వెయ్యమంటాను. వింటారా మీరు?" అని బాబాయిగారు భద్రత గురించి మొదలెట్టారు. ఫోను అందుకున్నదగ్గర్నుంచి మెలకువగానే ఉన్న పిన్నిగారు చిలక్కొయ్యకున్న చొక్కా తీసి విదిలించారు. మూడు ఫ్యూజులూ గచ్చు మీద ఠంగుమని పడ్డాయి.

బాబాయిగారు ఒక్క క్షణం వాటివంక చూసి, ఫోన్లోకి, "కంగారుపడకు. ఫ్యూజులు క్షేమంగా ఉన్నాయి" అన్నారు.

స్కూటరు తీస్తుంటే పిన్నిగారు గుమ్మంలోంచి కేకేశారు: "ఫ్యూజులు పెట్టి రావడానికి ఆ డబ్బా ఎందుకండీ?"