పడవ పైకపు సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: కార్డు మఱచినవాఁడు రేవున నిలుచు, రొక్కము మఱచినవాఁడు దీవిన నొగులు.

ప్రతిపదార్థం: కార్డు మఱచినవాఁడు = ప్లాస్టిక్ పలకను ఇంట విడిచివచ్చిన యాత్రికుఁడు; రేవున = టొబర్‌మోరీ రేవునందు; నిలుచు = పోవు పడవను చూచుచుండును; రొక్కము మఱచినవాఁడు = ట్యాప్ మీదనే భారము వేసిన మార్కమ్ వాసి; దీవిన = ఫ్లవర్‌పాట్ ద్వీపమునందు; నొగులు = దుఃఖించును.

తాత్పర్యం: మార్కమ్ నుంచి సుమారు నాలుగు గంటలు కారు నడిపితే బ్రూస్ ద్వీపకల్పం కొసన టొబర్‌మోరీ. అక్కడి నుంచి పడవలు వెళ్లే ఫ్లవర్‌పాట్ దీవి, 1987లో ఏర్పడిన ఫాదమ్ ఫైవ్ జాతీయ జల ఉద్యానంలోది. వేసవి శనివారాల్లో టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం క్షేమం. ఆన్‌లైన్‌లో చెల్లేది కార్డే. కనుక పూర్వార్ధంపై వ్యాఖ్యాతలకు పేచీ లేదు. పేచీ అంతా ఉత్తరార్ధం మీదనే.

‘దోసె మొదలు డీజిల్ దాకా ట్యాప్‌తో గడిచేవాడికి దీవిలో నోటెందుకు?’ అని పూర్వపక్షం. దానికి సమాధానం: కార్డు యంత్రం తనంతట తాను సరే అనదు, బ్యాంకును అడగాలి. అడగడానికి సిగ్నల్ కావాలి. 2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలితే ఇంటరాక్ డెబిట్ దేశమంతటా ఆగింది. మహానగరాలకే ఆ గతి పట్టినప్పుడు, హ్యూరన్ సరస్సు నడుమ సిగ్నల్‌ను నమ్ముకోవడం సాహసమే. ‘లావాదేవీని దాచుకుని తర్వాత పంపే యంత్రాలున్నాయి కదా’ అని ఇంకో శంక. ఉన్నాయి. అయితే ఆ తర్వాత బ్యాంకు కాదంటే మునిగేది సాధారణంగా అమ్మినవాడు. కాబట్టి అలా తీసుకోవడం అతడి దయ. కొనేవాడు హక్కుగా అడగలేడు. ఖర్చు లెక్కా నగదు వైపే మొగ్గుతుంది. 2013లో పెన్నీల పంపిణీ ఆగాక నగదు మొత్తాన్ని అయిదు సెంట్లకు సర్దుతున్నారు. అందులో పోయేది మహా అయితే రెండు సెంట్లు. క్రెడిట్ కార్డు మీదైతే 2022 అక్టోబరు నుంచి, క్విబెక్‌లో తప్ప, వ్యాపారి 2.4 శాతం దాకా అదనంగా వేయవచ్చు. యాభై డాలర్లకు డాలరు ఇరవై సెంట్లు. నోటు తడుస్తుందన్న భయమూ నిలవదు. 2011 నుంచి వస్తున్న పాలిమర్ నోటును తుడుచుకుంటే సరి.

‘అలాగైతే నోట్ల కట్టతోనే బయలుదేరుదాం’ అనే తీవ్రవాదులు ఇక్కడ ఆగాలి. కెనడాలో నోటు చట్టబద్ధమైన ద్రవ్యమే కానీ, దుకాణదారు దాన్ని తీసుకుతీరాలన్న నియమం లేదు. ఎలా చెల్లించాలన్నది ఇద్దరి ఒప్పందం. రెండు డాలర్ల టూనీ నాణేలకైతే ఒక చెల్లింపులో నలభై డాలర్ల వరకే చట్టబలం (పిల్లల డిబ్బీ పగలగొట్టి తెచ్చేవారు గమనించగలరు). అంటే ఏ ఒక్కదానికీ సర్వాధికారం లేదు. కార్డు సిగ్నల్‌కు లోబడింది, నోటు అమ్మేవాడి ఇష్టానికి లోబడింది. రెండూ ఒకేసారి మొరాయించడం అరుదు గనుక రెండూ ఉండాలనే సూత్రకారుడి అభిప్రాయం.

సిద్ధాంతం: పడవకు కార్డు, దీవికి ఇరవై డాలర్ల నోట్లు రెండు, అయిదువి నాలుగు, గుప్పెడు డాలరు లూనీలు. చిల్లర దొరకని చోట నూరు డాలర్ల నోటు ఉన్నా లేనట్టే. దాన్ని ఇంట్లోనే ఉంచి రండి.