ఒక ప్లగ్గిన్ను పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలము

తే.గీ.
పాత ప్లగ్గిన్ను కొత్తదౌ పాటయింట
కాలు మోపంగబోయినన్ గడపయొద్ద
నెన్ని బిట్టులో చెప్పుమం చెదురు నిలిచి
తరిమివేయును స్కానరన్ దలుపుబంటు

అవతారిక

కొత్త కంప్యూటరూ, అందులోకి కొత్త రికార్డింగు సాఫ్ట్‌వేరూ కొనుక్కున్న ఒక సంగీతకారుడు, తన పాత పాటను తెరవగా, ట్రాకులన్నీ వచ్చి వేణువొక్కటి పలక్కపోయేసరికి ఆశువుగా చెప్పిన పద్యం ఇది. కవి పేరు తెలియదు. పాట ఫైలు పేరు మాత్రం ‘ఫైనల్ ఫైనల్ 3’ అని ఉంది.

ప్రతిపదార్థము

పాత = 32 బిట్ల కాలమునాటిదగు; ప్లగ్గిన్ను = తనంత తాను నిలువజాలక, వేరొక సాఫ్ట్‌వేరున జొచ్చి వాద్యముగనో, రీవర్బుగనో, కంప్రెసరుగనో పనిచేయు చిన్న ప్రోగ్రాము; కొత్తదౌ = నిన్నరాత్రియే అప్‌డేటు ముగిసినదైన; పాటయింటన్ = క్యూబేసు, లాజిక్, ప్రో టూల్స్ మొదలగు రికార్డింగు సాఫ్ట్‌వేరునందు; కాలు మోపంగబోయినన్ = లోడు కాబోయినచో; గడపయొద్దన్ = సాఫ్ట్‌వేరు తెరుచుకొనుచు, ప్లగిన్ల పేర్లను ఒక్కొక్కటిగా చూపుచు తాత్సారము చేయు ఘట్టమునందు; ఎన్ని బిట్టులో చెప్పుము అంచున్ = నీవు ముప్పదిరెండా అరువదినాలుగా తేల్చుమనుచు; ఎదురు నిలిచి = అడ్డగించి; స్కానరన్ = స్కానరు అనెడు; తలుపుబంటు = వాకిటి కాపరి; తరిమివేయును = జాబితాలో పేరైన లేకుండ జేయును.

తాత్పర్యము

పాత ప్లగిన్ కొత్త సాఫ్ట్‌వేరులో పనిచేయదని భావము. తిట్లు మూలమునందు లేవు, చదువరులు ఊహించుకొనవచ్చును.

విశేషములు

ఇకనుంచి వాడుక భాషలోకి దిగుదాం. వేణువు పలక్కపోతే గ్రాంథికంలో బాధపడేవాళ్లను నేను చూడలేదు.

‘స్కానరన్’ తర్వాత ‘తలుపు’ కాస్తా ‘దలుపు’ అయింది. ద్రుతం మీది పరుషం సరళమైంది. స్కానరు పక్కన ఏదైనా సరళం కావడం వ్యాకరణంలో తప్ప మరెక్కడా జరగదు.

‘తరిమివేయును’ అన్నచోట కవికి కోపం కనిపిస్తుంది గాని, కాపరి పక్షాన చెప్పవలసింది ఉంది. 32 బిట్ల ప్రోగ్రాము చూడగలిగే మెమరీ ఎంత చేసినా 4 జీబీ. నిజమైన వయొలిన్లను స్వరం స్వరంగా రికార్డు చేసి పెట్టిన వాద్యబృందాల లైబ్రరీలు వచ్చాక ఆ నాలుగూ ఏ మూలకూ చాలలేదు. అందుకని సాఫ్ట్‌వేర్లు 64కు మారాయి. 64 బిట్ల ప్రోగ్రాము తన ప్రాసెస్‌లోకి 32 బిట్ల ప్లగిన్‌ను లోడు చేసుకోలేదు. అది అహంకారం కాదు, అశక్తత. లాజిక్ ప్రో ఎక్స్, ప్రో టూల్స్ 11 రెండూ 2013లో 64కే కట్టుబడ్డాయి. క్యూబేసు 9 వెర్షన్ 2016లో, ఏబుల్టన్ లైవ్ 10వ వెర్షన్ 2018లో అదే దారి పట్టాయి. 2019లో మాక్‌ఓఎస్ కాటలినా వచ్చాక ఇల్లే కాదు, ఊరే 32 బిట్లను వెలివేసింది.

‘గడపయొద్ద’ అనడంలో ఇంకో సూక్ష్మం ఉంది. తరిమేయడం వేరు, అసలు చూడకపోవడం వేరు. వీఎస్‌టీ2 అనే పాత పద్ధతి ప్లగిన్లకు విండోస్‌లో ఫలానా ఫోల్డరే ఉండాలన్న నియమం లేదు. ఒక్కొక్క ఇన్‌స్టాలరు ఒక్కొక్క చోట పడేసిపోతుంది. స్కానరు ఆ చోటికి వెళ్లకపోతే ప్లగిన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా లెక్కలోకి రాదు. అలాగే స్కాను జరిగేటప్పుడు ఒక్కసారి క్రాష్ అయిన ప్లగిన్‌ను కొన్ని సాఫ్ట్‌వేర్లు నిషేధ జాబితాలో రాసుకుని మళ్లీ మొహం చూడవు. కాబట్టి ఏడవబోయే ముందు సెట్టింగుల్లో ఫోల్డరు దారి చూపించి, ఆ జాబితా తుడిచి, మరోసారి స్కాను చేయించాలి. చాలామంది వేణువులు ఇక్కడే దొరుకుతాయి.

శంక: లోపలికి రానివ్వకపోతే మానె, వాకిటి బయట కూర్చోబెట్టి వాయించుకోరాదా?

సమాధానం: వాయించుకోవచ్చు. దాన్నే బ్రిడ్జి అంటారు. 32 బిట్ల ప్లగిన్‌ను వేరే ప్రాసెస్‌లో నడిపి, ధ్వనినీ నోట్లనూ అటూ ఇటూ చేరవేసే ఏర్పాటు అది. రీపరు అనే రికార్డింగు సాఫ్ట్‌వేరుకు ఈ గుణం పుట్టుకతోనే వచ్చినట్టు లోపలే ఉంది గనుక మన పద్యం దానికి పూర్తిగా చెల్లదు. ఆ గుణం లేని కొన్నిటికి జేబ్రిడ్జి అనే చిన్న ప్రోగ్రాము వాడతారు. లినక్స్‌వాళ్లు వైన్, యాబ్రిడ్జి కలిపి విండోస్ ప్లగిన్లనే పలికిస్తారు. వారి ఓపికకు నమస్కారం. అయితే విండోస్ ఇప్పటికీ 32 బిట్ల ప్రోగ్రాములను నడుపుతుంది కాబట్టే అక్కడ బ్రిడ్జి నిలుస్తుంది. కాటలినా, ఆ తర్వాతి మాక్‌లలో ఆవలి ఒడ్డే లేదు, బ్రిడ్జి దేనిమీద కడతారు? కట్టిన చోట కూడా ప్లగిన్ కిటికీ వెనక్కి పోయి దాక్కుంటుంది, కొత్త తెరమీద బొత్తాలు ఆవగింజలంత కనిపిస్తాయి. ఒకటి రెండు ప్లగిన్లకు ఫరవాలేదు. పాట మొత్తం బ్రిడ్జీలమీదే నడపాలంటే నేను వద్దంటాను.

పాఠాంతరము: ‘ఎన్ని బిట్టులో’ అన్నచోట కొన్ని ప్రతుల్లో ‘ఏది లైసెన్సొ’ అని ఉంది. గణాలూ యతీ రెండింటా సరిపోతాయి. అర్థంలోనే తేడా, ఆ లైసెన్సు వెనక ఒక కథ ఉంది. స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ పద్ధతిని క్యూబేసుతోపాటు 1996లో తెచ్చింది. వాద్యాలను కూడా ప్లగిన్లుగా నడపనిచ్చిన రెండో వెర్షన్ 1999లో వచ్చింది. లోకంలో ప్లగిన్లు చేసే అభిరుచి ఉన్న ప్రతివాడూ దాన్ని వాడుకున్నాడు. వీఎస్‌టీ3 వచ్చింది 2008లోనైనా జనం వెంటనే కదలలేదు. 2018లో పాతదానికి కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు. 2022లో, రెండేళ్లలోగా తమ సాఫ్ట్‌వేర్లలో వీఎస్‌టీ2 ఉండదని ప్రకటించారు. ఇక్కడ ప్లగిన్ 64 బిట్లదే కావచ్చు, యంత్రానికి ఏ అభ్యంతరమూ లేకపోవచ్చు. మొదటి పాఠంలో కాపరి చేతకాక అడ్డుకుంటాడు, రెండో పాఠంలో కాగితం చూసి అడ్డుకుంటాడు. నాకు మొదటివాడిమీద జాలి, రెండోవాడిమీద కోపం. ఉపాయాలు లేకపోలేదు. వీఎస్‌టీ2ను ఇంకా రానిచ్చే రీపర్, లైవ్ వంటివి ఉన్నాయి. తాను వీఎస్‌టీ3గా లోపలికి వెళ్లి తన పొట్టలో వీఎస్‌టీ2ను దాచుకునే బ్లూక్యాట్ ప్యాచ్‌వర్క్ లాంటివీ ఉన్నాయి. అదే ప్లగిన్‌కు వీఎస్‌టీ3 రూపం దొరికినా వెంటనే సంబరపడకూడదు. పాట దృష్టిలో అది వేరే ప్లగిన్. తయారుచేసినవాళ్లు ముందుచూపుతో ముడి వేసి ఉంటే తప్ప పాత సెట్టింగులు దానిలోకి రావు.

నాయిక విషయం. ఈ ప్లగిన్ అష్టవిధ నాయికలలో ఏ నాయిక అని అడిగితే, సంకేతస్థలానికి చేరినా ప్రియుడు కనబడని విప్రలబ్ధ అంటాను. 2020లో యాపిల్ సొంత చిప్పులకు మారాక మాక్‌లో ఆమె పరిస్థితి మరీ ఘోరం: ఆమెది ఇంటెల్ భాష, ఇంటివాళ్లకు అది రాదు. రోసెట్టా అనే దుబాసీ కూర్చుని చెబుతుంది. లాజిక్ ఇలాంటి ఆడియో యూనిట్ (యాపిల్ పద్ధతి) ప్లగిన్లను విడిగా పెట్టి అనువాదం చేయించుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మాత్రం మొత్తం సాఫ్ట్‌వేరునే రోసెట్టాలో తెరవాలి. ఈ దుబాసీ కొలువు కూడా మాక్‌ఓఎస్ 27 వరకే అని 2025లో యాపిల్ చెప్పేసింది.

దోషము: డాంగిళ్లనే లైసెన్సు తాళంచెవులూ, ఆన్‌లైన్ యాక్టివేషనూ పద్యంలో లేవు. కాపరి దయతలచినా, తాళంచెవి ఇవ్వవలసిన సంస్థ మూతపడి ఉంటే చేయగలిగింది లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అప్‌గ్రేడుకు ముందు చదివినవారికే ఫలం. పాత కంప్యూటరును అమ్మకండి. అందులో ప్రతి పాటనూ తెరిచి, ప్లగిన్‌తో పలికే ప్రతి ట్రాకునూ మొదటి బారునుంచే మొదలయ్యేలా 24 బిట్ల వేవ్ ఫైలుగా రెండర్ చేసుకోండి. రీవర్బు ఉన్నదీ లేనిదీ రెండూ. మిడి నోట్లను వేరుగా దాచండి, ప్లగిన్ బొత్తాలన్నీ కనపడేలా ఒక స్క్రీన్‌షాటు తీయండి. పాట మధ్యలో ఉండగా సాఫ్ట్‌వేరు మార్చకండి, ఎంత రాయితీ ఇచ్చినా సరే. వేవ్ ఫార్మాటు 1991 నాటిది, వీఎస్‌టీ కంటే అయిదేళ్లు పెద్దది. పైన చెప్పిన రికార్డింగు సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని ఇవాళ్టికీ తెరుస్తాయి.