రాజుగారి ఇద్దరు కొడుకులు

నందిగామ కోర్టు వరండా. ఆ పూట జడ్జిగారు సెలవు. కేసులన్నీ వాయిదాలకు పోయాయి. గుమాస్తా కొడుకు గ్రూప్స్ పరీక్షకని పుస్తకం పైకి చదువుకుంటున్నాడు.

"రష్యాలో రోమనోవ్ వంశం 1613లో మొదలైంది. పదహారేళ్ళ మిఖాయిల్ ఇపాత్యేవ్ మఠంలో తలదాచుకుంటే, అక్కడికి వెళ్ళి బతిమాలి రాజును చేశారు. 1917లో నికొలస్ గద్దె దిగుతూ తమ్ముడు మిఖాయిల్‌కు కట్టబెట్టబోతే ఆయన పుచ్చుకోలేదు. 1918 జులైలో నికొలస్‌నూ భార్యాబిడ్డలనూ ఒక ఇంట్లో ఉంచి కాల్చి చంపారు. ఆ ఇంటి యజమాని పేరు కూడా ఇపాత్యేవే."

"రాజుల కథ కోసం రష్యా దాకా దేనికిరా?" అన్నారు ప్లీడరుగారు. పక్క బెంచీ మీద కూర్చున్న రైతు వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, మీ జగ్గయ్యపేటకు ఆ పేరెలా వచ్చింది?" అని అడిగారు.

"వెంకటాద్రినాయుడు గారు వాళ్ళ నాన్నగారి పేరు పెట్టారంటారండి. అంతకుముందు బేతవోలు."

"ఆఁ. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. 1783లో జమీ చేతికొచ్చింది. ఈ నందిగామ పరగణా, కృష్ణకు అటూ ఇటూ ఐదువందలకు పైగా ఊళ్ళు ఆయనవే. కుంఫిణీ వాళ్ళతో పేచీ వచ్చి చింతపల్లి కోట వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టాడు. ఊరికి ఇటుకా రాయీ కావాలని పక్కనున్న దిబ్బ తవ్విస్తే బౌద్ధ స్తూపం బయటపడింది. లెక్కలేనన్ని గుళ్ళు కట్టించాడు, బంగారంతో తులాభారం తూగాడంటారు. దోపిళ్ళు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ తర్వాత కంచంలో అన్నం పురుగులై కనిపించేదనీ కూడా ఈ సీమలోనే చెప్పుకుంటారు. అన్నీ ఉన్నాయి, కడుపున మగబిడ్డ లేడు."

"పాపం" అన్నాడు రైతు.

"జగన్నాథబాబును దత్తు తీసుకున్నాడు. ఒకడు చాలడనుకున్నాడో ఏమో, కొన్నేళ్ళకు రామనాథబాబును కూడా తెచ్చుకున్నాడు. 1816లో ఆయన పోయాడు. ఇక చూసుకో! ఇక్కడి కోర్టుల్లో తేలక లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. అక్కడికి చేరేసరికి కాగితాల మీద పేర్లు ఆడవాళ్ళవి. రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ. 1846. మా లా కాలేజీలో బట్టీ పట్టించారు. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని తేల్చారు."

"1956 దత్తత చట్టంలో కూడా అదే ఉందండి" అన్నాడు కుర్రాడు, చదివింది అక్కరకొచ్చిన ఆనందంతో.

"ఉంది. కానీ తీర్పు వచ్చేసరికి ఇక్కడ మిగిలిందేమిటి? మధ్యలో నందన కరువు వచ్చి పల్లెలు ఖాళీ అయ్యాయి. కట్టాల్సిన పేష్కష్ కట్టలేదు. బకాయిలు కొండలా పెరిగి జమీ కాస్తా కుంఫిణీ వశమైంది. వారసుడెవరో తేలింది, వారసత్వం లేదు. రష్యాలో తుపాకులు కావలసి వచ్చాయి. ఇక్కడ స్టాంపు కాగితాలతో సరిపోయింది."

ఒక ప్లీడరు నోటి నుంచి ఇలాంటి కథ రావడం విడ్డూరమే. తన పొట్ట తాను కొట్టుకునే మనిషి కాదాయన. కానీ ఈ రైతును చూస్తే ఆయనకే జాలేసినట్టుంది. ఇతనూ దత్తుడే. సాకిన తండ్రి తర్వాత ఇంకో పిల్లాణ్ణి తెచ్చుకున్నాడు. ఆ తమ్ముడితో ఎకరం మిరపచేను మీద ఏళ్ళ తరబడి దావా.

రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఎంత అన్యాయమండీ! ఆ అన్నదమ్ములు ముందే ఒక చెట్టుకింద కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేదిగా" అన్నాడు.

ప్లీడరుగారి మొహం వెలిగింది. "అదేనయ్యా నేను చెప్పేది! వచ్చే లోక్ అదాలత్‌లో మీ తమ్ముణ్ణి కూడా పిలిపిస్తాను. చెరి సగం..."

"చెరి సగమా? మాది వేరండీ" అన్నాడు రైతు, బెంచీ మీద ముందుకు జరిగి. "ఆ లండన్ తీర్పు మన కేసులో వేయండి. రెండోవాడి దత్తు చెల్లదుగా? వాడి నోరు మూతపడుద్ది. ఇన్నాళ్ళూ ఆ మాట నాకు చెప్పలేదేంటండీ? ఇంతకీ వాయిదా ఎప్పటికి?"

గుమాస్తా డైరీ తీశాడు.

ఆ ఎకరం కోసం అతను తన రెండెకరాల పత్తిచేను అప్పటికే అమ్మేశాడు.