భవిష్యత్తుకు నాలుగు స్లాట్లు

కంప్యూటర్లో వేగం ప్రాసెసర్‌ది, సొగసు గ్రాఫిక్స్ కార్డుది, జ్ఞాపకం ర్యామ్‌ది. మదర్‌బోర్డు తనకు తానుగా ఒక్క కూడిక కూడా చెయ్యదు. ఒకప్పుడు కాస్తో కూస్తో పరువైన ఉద్యోగం ఉండేది దానికి. ర్యామ్‌తో మాట్లాడే బాధ్యత బోర్డు మీద ఉండే నార్త్‌బ్రిడ్జ్ చిప్పుది. 2003లో ఏఎండీ, 2008లో ఇంటెల్ ఆ కాస్త ఉద్యోగాన్నీ పీకేసి ప్రాసెసర్‌కి అప్పగించాయి. ఇవాళ అదే ప్రాసెసర్‌ని ఓ మాదిరి బోర్డులో పెట్టినా, దానికి నాలుగింతల ధర బోర్డులో పెట్టినా, కరెంటు సరిగ్గా అందితే చాలు, పనిలో తేడా మహా అయితే నూటికి రెండో మూడో. అయినా కొనే మనిషికి నిద్ర పట్టనిది బోర్డు దగ్గరే. ప్రాసెసర్ తేల్చుకోవడానికి మా ఇంట్లో ఒక పూట పట్టింది. బోర్డుకి వేసవి సెలవులన్నీ చాల్లేదు.

మా అమ్మాయి యానిమేషన్ చదువుతోంది. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు చినుకుల వాన కురిపించాలన్నా పాత కంప్యూటర్ తెల్లార్లూ మూలిగేది. పదహారు కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ కావాలని తనే నిర్ణయించుకుని, "బోర్డు సంగతి నువ్వు చూడు నాన్నా" అంది. పెళ్ళికొడుకుని తను చూసుకుని, కల్యాణ మండపం మాట్లాడే పని తండ్రికి వదిలేసినట్టు. ఆలోచిస్తే బోర్డు మండపమే. తాళి కట్టేవాడు వేరు, మంత్రం చదివేవాడు వేరు, వండేవాడు వేరు. మండపం పనల్లా కరెంటివ్వడం, గదులివ్వడం, బళ్ళు ఎక్కడ ఆపుకోవాలో చూపించడం. రెండొందలమంది వచ్చే పెళ్ళికి వెయ్యిమంది పట్టే హాలు మాట్లాడడం మా వంశాచారం. ఆ ఆచారాన్ని భుజాన వేసుకునే సీటీసీకి బయల్దేరాను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఆటోవాడు ఓ క్షణం ఆలోచిస్తాడు, సీటీసీ అంటే మీటరు మర్చిపోయి బయల్దేరతాడు. అక్కడ ఒక కొట్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం గావాలె సార్?"

"మదర్‌బోర్డు."

"ప్రాసెసర్ ఏంది?"

చెప్పాను. కుర్రాడు నిలబడే తీరు మారింది. "అట్లయితే పైది చూపిస్త సార్" అని నిచ్చెనెక్కి డబ్బాలు దించాడు. టోమహాక్, మోర్టార్, స్టీల్ లెజెండ్, గాడ్‌లైక్. కంప్యూటర్ కొట్టుకొచ్చానా, ఆయుధపూజకొచ్చానా అర్థం కాలేదు. గాడ్‌లైక్ ధర లక్ష దాటింది, కాబట్టి దాన్ని దూరం నుంచే దర్శనం చేసుకున్నాను. వీటన్నిటి మధ్యా తైచీ అని ఒకటి. తెల్లవారుజామున పార్కుల్లో పెద్దవాళ్ళు నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా చేతులూపుతారే, ఆ చైనా వ్యాయామం పేరు. వేగం కోసం కొనే బోర్డుకి ఆ పేరు పెట్టినవాడెవరో, ఆయనతో ఒక టీ తాగాలనిపించింది. మన బజార్లో ఎక్కువగా కనబడే నాలుగు కంపెనీలూ, ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఆస్‌రాక్, తైవాన్‌వే. అంత చిన్న ద్వీపం ఇన్ని అస్త్రాలు తయారుచేసి మన మీదికి వదులుతుంటే మనం జేబులు అడ్డం పెట్టుకుని ఆపుతున్నాం.

"పవర్ చూడండి సార్" అన్నాడు కుర్రాడు, డబ్బా తిప్పి.

పవర్ సంగతి మాత్రం తీసిపారేసేది కాదు. ఈ ప్రాసెసర్ ఒళ్ళు వంచి పనిచేస్తే 230 వాట్లు తాగుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్లు మూడు తిరిగినంత, అంతే. చిక్కెక్కడంటే దానికి కావాల్సిన వోల్టులు ఒకటీ చిల్లర. వోల్టులు అంత తక్కువైతే ఆంపియర్లు ఎగబాకాలి. నిలకడగా 160 ఆంపియర్లు, క్షణకాలం పాటు 225 దాకా లాక్కోవచ్చని ఏఎండీ లెక్క. మా ఫ్లాటు మొత్తానికీ ఉన్న ఎంసీబీ 32 ఆంపియర్లు! ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులని ఒకటీ చిల్లరకి దించి, ఇంత ప్రవాహాన్ని తొణక్కుండా ప్రాసెసర్ నోటికందించే భాగాన్ని వీఆర్ఎం అంటారు. బోర్డులో మనస్ఫూర్తిగా డబ్బు పెట్టదగ్గ చోటు, నన్నడిగితే, ఇదొక్కటే. మరీ చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింకు సైతం ఉండదు. మే నెలలో, ఏసీ లేని గదిలో, రాత్రంతా రెండర్ పెడితే అది కాగికాగి ప్రాసెసర్ కాళ్ళకి బంధం వేస్తుంది. అప్పుడు పదహారు కోర్లూ ఆపసోపాలు పడుతూ కూర్చుంటాయి.

అక్కడితో ఆగితే కంపెనీలు కంపెనీలెందుకవుతాయి? డబ్బా మీద వీఆర్ఎంకి 18+2+2 ఫేజులని, ఒక్కోటి 110 ఆంపియర్లని అచ్చేశారు. పద్దెనిమిదిని నూటపదితో గుణించి చూశాను: 1980. మా వీధి చివర వెల్డింగతను 200 ఆంపియర్లతో ఇనప గేట్లు అతికిస్తాడు. ఈ బోర్డు కొంటే, యానిమేషన్‌లో ఉద్యోగాలు దొరక్కపోయినా మా అమ్మాయి తొమ్మిది గేట్లు ఏకకాలంలో అతికించుకుని బతగ్గలదు.

మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వాడికి ఫోన్ చేస్తే "ఇవాళ్టికి సరిపోయేది కొనకు మావయ్యా, రేపటికి కొను" అన్నాడు. వాడి దగ్గర చరిత్ర ఉంది. 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌ని ఏఎండీ ఏళ్ళ తరబడి లాక్కొచ్చింది. 2017 నాటి బోర్డులో బయోస్ మార్చుకుని 2022 నాటి 5800ఎక్స్3డీ పెట్టుకున్న పుణ్యాత్ములున్నారు. మా ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 కూడా 2027 దాకా నిలుస్తుందని మాటిచ్చారు. ఇంటెల్ వైపు కథ వేరు. 2017లో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్ పాత 1151 సాకెట్లో చక్కగా కూర్చునేది, పనిచేసేది మాత్రం కాదు. కొత్త బోర్డు కొనాల్సిందే.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ప్రాసెసర్ మార్చిన పాపాన పోలేదు, మారిస్తే కంప్యూటర్నే మార్చాం. ఈ మాట మా ఆవిడ పక్కనుంచి గట్టిగా అంది, ఫోన్లో వాడికి వినబడేలా. "రేపటి సంగతి వాణ్ణే చూసుకోమనండి, ఇవాళ గ్యాసు బుక్ చెయ్యండి" అని కూడా అంది.

గ్యాసు బుక్ చేసి మాన్యువల్స్ చదవడం మొదలుపెట్టాను. బోర్డు ఫొటోలు పెద్దవి, షరతుల అక్షరాలు చిన్నవి. ఎస్ఎస్‌డీలకి ఎం.2 స్లాట్లు నాలుగు, అయిదు అని ముందు పేజీలో ఊరిస్తారు. ఫలానా రెండో స్లాటులో ఎస్ఎస్‌డీ పెడితే గ్రాఫిక్స్ కార్డుకి సమాచారం నడిచే పదహారు లేన్లు కాస్తా ఎనిమిదవుతాయని, లేదా యూఎస్‌బీ4 సగానికి తగ్గుతుందని వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో చెబుతారు. ఎందుకంటే ఏఎం5 ప్రాసెసర్ నుంచి వచ్చే లేన్లు 28. అందులో నాలుగు చిప్‌సెట్‌కి పోతాయి. మిగిలినవాటినే అందరూ పంచుకోవాలి. పేర్లు ఎన్ని పెట్టినా ఆ లెక్క మారదు. పేర్లంటే గుర్తొచ్చింది, ఎక్స్870 అని గంభీరంగా రాసిన బోర్డులో ఉన్న చిప్‌సెట్టు పాత బీ650 బోర్డులో ఉన్న చిప్పే. తోడుగా యూఎస్‌బీ4 లాంటివి తప్పనిసరి చేశారు. 220 అంకెలు పెరిగింది వాటికే.

ర్యామ్ స్లాట్ల వ్యవహారం ఇంకా రమ్యం. బోర్డు మీద స్లాట్లు నాలుగు. రెండు నింపితే ఈ ప్రాసెసర్‌కి అధికారికంగా 5600 వేగం. నాలుగూ నింపితే 3600. అంటే నిండుగా వడ్డిస్తే నెమ్మదిగా తింటుందన్నమాట. ఆ రెండైనా ప్రాసెసర్ పక్కనుంచి వరసగా పెట్టకూడదు, రెండోది, నాలుగోది నింపాలి. మిగతా రెండూ ఎందుకని కుర్రాణ్ణి అడిగాను.

"ఫ్యూచర్‌కి సార్."

చివరికి మధ్యస్తంగా ఉన్న ఎక్స్870 తీసుకున్నాను. వీఆర్ఎం మీద బరువైన హీట్‌సింకు, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవుతో బయోస్ మార్చుకునే మీట, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పే నాలుగు చిన్న దీపాలు. ఈ మూడూ ఉంటే తక్కినవాటికి డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం, దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు. రంగురంగుల లైట్లు లేనిది చూపించమంటే మాత్రం కుర్రాడు ఇంకా ఎక్కువ ధర చెప్పాడు.

"అది ప్రొఫెషనల్స్‌కి సార్. లైట్లుండవు, రేటుంటది."

లైట్లున్నదే తెచ్చాం. అన్నీ బిగించి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం అమావాస్య. నేను వారంటీ కాగితం వెతుకుతుంటే అమ్మాయి నింపాదిగా "మెమరీ ట్రెయినింగ్ నాన్నా" అంది. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి కొలువులో చేరినప్పుడు, సంకేతాలు ఏ క్షణాన పంపితే తప్పుల్లేకుండా అందుతాయో ప్రాసెసర్ ఒక్కొక్కటే పరీక్షించి నేర్చుకుంటుందట. కొన్ని నిమిషాలు పడుతుంది. అది తెలియక ప్లగ్గు పీకేస్తే చదువు మళ్ళీ మొదటికొస్తుంది. చదువుకుంటున్న పిల్లని కదపకూడదని ఇంటిల్లిపాదీ గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. బొమ్మొచ్చింది.

వాన కూడా బ్రహ్మాండంగా కురుస్తోంది, బ్లెండర్‌లో. ఒకటే చిక్కు. షట్‌డౌన్ చేసినా బోర్డు అంచున రంగులు ఆరవు. ప్లగ్గులో కరెంటున్నంతసేపూ స్టాండ్‌బై మీద ఇంద్రధనుస్సు తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఉన్నది హాల్లో, అక్కడ పడుకునేది మా అమ్మ. ఆవిడకి నిద్రాభంగమని బయోస్‌లో ఈఆర్‌పీ అనే మీట వెతికి పట్టుకుని ఆర్పేశాను.

పొద్దున్నే పిలిచింది. "ఒరేయ్, ఆ డబ్బాలో దీపం ఎందుకార్పావు? రాత్రిళ్ళు బాత్రూముకి దారి చక్కగా కనబడుతోంది. మళ్ళీ పెట్టు. ఎర్రరంగు మాత్రం తీసెయ్, మెలకువొచ్చినప్పుడల్లా అంబులెన్సొచ్చిందనుకుని మీ అందర్నీ లెక్కపెట్టుకుంటున్నాను."