జగిత్యాల ఎప్పుడో జోన్ టూలో చేరింది

జగిత్యాల మినీ స్టేడియంలోనూ, కోరుట్ల కళాశాల మైదానంలోనూ, సిరిసిల్లలో మానేరు కరకట్ట మీదా తెల్లవారుజామున నడిచే పెద్దమనుషుల నడుమ ఇన్నాళ్లూ నలిగిన ప్లాట్ల ధరలు, టికెట్ల పంపకాలు, పిల్లల వీసాలు హఠాత్తుగా మూలపడి, వాటి పీఠం మీద ‘జోన్ టూ’ అనే ఒకే ఒక్క మాట వచ్చి కూర్చున్నది. ఎవరిని పలకరించినా నడక ఆపి, మోచేయి మడిచి, మణికట్టును ముక్కు దాకా తెచ్చుకొని, తన గుండె ప్రస్తుతం ఏ మండలంలో సంచరిస్తున్నదో ప్రకటిస్తున్నాడు. పూర్వం శని ఏ రాశిలో ఉన్నాడో చెప్పడానికి ఊరికొక పంతులు ఉండేవాడు. ఇప్పుడు ప్రతి చేతికీ ఒక పంతులు వెలిశాడు, ఆ పంతులుకు దక్షిణ బదులు ఛార్జింగు పెడితే చాలు.

గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఒక అంకె ఊహించి, ఆ అంకెను మెట్లుమెట్లుగా ఐదు భాగాలు చేసి, కింది నుంచి రెండవ మెట్టుకు, అంటే గరిష్ఠంలో దాదాపు 60 నుంచి 70 శాతం దాకా ఉన్న భాగానికి పెట్టిన పేరే జోన్ టూ. ఈ మాత్రం భాగ్యానికి జగిత్యాల, కోరుట్ల వాసులు వాచీ కొనవలసిన పనే లేదు. ఉద్యోగ నియామకాల కోసం తెలంగాణను ఏడు జోన్లుగా విడగొట్టిన 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారి జిల్లాను ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్‌ల సరసన బాసర జోన్‌లో చేర్చింది, అదే రెండవ జోన్. రాజన్న పేరిట ఏర్పడిన మూడవ జోన్‌లో పడిన సిరిసిల్ల వారు మాత్రం ప్రభుత్వ లెక్క ప్రకారం పుట్టుకతోనే ఒక మెట్టు ఎక్కువ ఆయాసపడుతున్నారని అనుకోవాలి.

ఇంతకూ ఆ గరిష్ఠపు అంకెను వాచీ గుండెను అడిగి తెలుసుకోదు, వయసును అడిగి తెలుసుకొంటుంది. కొన్న రోజున పుట్టిన తేదీ నింపితే, చాలా వాచీలు 220లోంచి ఆ వయసును తీసివేసి, మిగిలినదే ఆ మనిషి గుండెకు పైహద్దు అని తీర్పు చెప్పి ఊరుకుంటాయి. ఇంత ఖరీదైన యంత్రం, లోపల చిప్పు, పైన గాజు, ఆకాశంలో ఉపగ్రహాలు ఇన్ని ఉండి, చివరకు చేసే గణితం మూడవ తరగతి తీసివేత. సర్వీసులో చేరేనాటికి బడి రికార్డులో రెండేళ్లు తగ్గించి రాయించుకొన్న తరం వారి విషయంలో ఆ తీసివేత కూడా తప్పే అవుతుంది.

ఆ 220 ఎక్కడిదని వెతికితే కథ ఇంకా రుచికరంగా ఉంటుంది. 1971లో అమెరికాలో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు వ్యాయామానికీ గుండె జబ్బుల నివారణకూ ఉన్న సంబంధం గురించి ఒక సమీక్షా వ్యాసం రాస్తూ, అప్పటికే ఇతరులు అచ్చువేసిన కొద్దిపాటి అధ్యయనాల అంకెలను ఒక పటం మీద చుక్కలుగా గుర్తించి, వాటి నడుమ ఉజ్జాయింపుగా ఒక గీత చూపించారు. ఆ గీతే ఈ సూత్రం. దీని పుట్టుపూర్వోత్తరాలను వెతుక్కుంటూ వెళ్లిన రాబర్గ్స్, లాండ్వేర్ అనే ఇద్దరు పరిశోధకులు, సూత్రాన్ని నిలబెట్టడానికి ప్రత్యేకించి చేసిన పరిశోధన అంటూ ఏదీ లేదని 2002లో తేల్చారు. అంతకు ముందు సంవత్సరమే తనాకా బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, వయసును 0.7తో గుణించి 208లోంచి తీసివేయడం మేలని సూచించింది; ఆ లెక్కన డెబ్బై ఏళ్లవాడి పైహద్దు 150 కాదు, 159.

అయితే ఏ సూత్రం వాడినా వచ్చేది సగటే, మనిషి కాడు. ఒకే వయసువారిలో ఈ పైహద్దు పది, పన్నెండు అటూఇటూగా ఉండటం సర్వసాధారణం, ఇరవై తేడా ఉండేవారూ అరుదు కాదు. యాభై ఏళ్లవానికి వాచీ ఇచ్చే అంకె 170, దాని ప్రకారం అతని జోన్ టూ 102 నుంచి 119. అతని అసలు హద్దు 190 అయితే జోన్ టూ 114 నుంచి 133 దాకా పోతుంది, 150 అయితే 90 నుంచి 105కు దిగుతుంది. అంటే పక్కపక్కన నడుస్తూ ఇద్దరి వాచీలూ 112 చూపిస్తుంటే, ఇద్దరూ ఒకే జోన్‌లో ఉన్నామని కరచాలనం చేసుకొంటున్నప్పుడు, ఒకరు షికారు చేస్తూనూ మరొకరు రొప్పుతూనూ ఉండవచ్చు. రొప్పుతున్న సంగతి రొప్పేవాడికి తెలుస్తూనే ఉంటుంది, కాని వాచీ ఒప్పుకోనంత వరకు అతడు దానిని లెక్కలోకి తీసుకోడు.

ఇందులో నవ్వి ఊరుకోలేని భాగం ఒకటున్నది. ఆ మైదానాల్లో నడిచే రిటైర్డు ఉద్యోగుల్లో రక్తపోటుకో గుండెకో ఎటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి బిళ్లలు వేసుకొనేవారు తక్కువేమీ కాదు. వీటిని బీటా బ్లాకర్లు అంటారు, గుండె వేగాన్ని అణచిపెట్టడమే వాటి పని. బిళ్ల గుండెను నిదానించమంటుంది, వాచీ ఇంకా వేగం పెంచమని మణికట్టు మీద గిల్లుతుంది, నడుమ ఆ ముసలాయన చెమటలు కక్కుకుంటూ, ఎంత నడిచినా జోన్ టూ రావడం లేదని, తన ప్రయత్నంలోనే ఏదో లోపం ఉన్నదని కుమిలిపోతాడు. బిళ్ల రాసిన వైద్యుణ్ణి ఒక్కమాట అడగాలన్న ఆలోచన మాత్రం అతనికి రాదు, వాచీ ఉండగా వైద్యుడెందుకన్న ధీమా అప్పటికే మణికట్టుకు బిగిసి ఉంటుంది.

నడకలో శ్రమ మోస్తరుగా ఉన్నదా, మితిమీరిందా అని తేల్చడానికి వైద్యులు చెప్పే పాత కొలమానం ఒకటి ఉన్నది. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే శ్రమ మోస్తరుగా ఉన్నట్లు. ఒకటి రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే ఎక్కువైనట్లు. ప్లాట్ల ధరల గురించీ వీసాల గురించీ మాట్లాడుకొంటూ నడిచిన రోజుల్లో ప్రతివాడూ ఆ పరీక్షను తెలియకుండానే పైసా ఖర్చు లేకుండా పాసవుతూ వచ్చాడు. ఇప్పుడు ఎవరి మణికట్టును వారు చూసుకుంటూ మౌనంగా నడుస్తున్నారు.

వాచీ నాడి చూసే విధానం కూడా ఇంతే ముచ్చటైనది. అడుగున వెలిగే ఆకుపచ్చ దీపాలు చర్మంలోకి కాంతిని పంపుతాయి; రక్తం ఆ రంగును ఎక్కువగా పీల్చుకొంటుంది కనుక, గుండె కొట్టుకొన్నప్పుడల్లా నాళాల్లో రక్తం నిండి, తిరిగివచ్చే కాంతి కొంచెం తగ్గుతుంది; ఆ హెచ్చుతగ్గులను లెక్కించడమే దాని నాడీపరీక్ష. కదలకుండా కూర్చున్నవాడి విషయంలో ఇది చక్కగానే పనిచేస్తుంది, అంటే వ్యాయామం కోసం కొన్న యంత్రం వ్యాయామం చేయనివాడి దగ్గర బాగా పనిచేస్తుంది. చేయి ఊగితే, పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు గుండెను వదిలేసి అడుగుల తాళాన్నే గుండె చప్పుడనుకొని చూపిస్తుంది, దీనికి ‘కేడెన్స్ లాక్’ అని పేరు కూడా పెట్టారు. పచ్చబొట్టు సిరా కాంతిని అడ్డుకోవచ్చు కాబట్టి, ముంజేతి నిండా పచ్చబొట్లున్న తెలంగాణ పెద్దవ్వలకు అసలు గుండే లేదని తేలే ప్రమాదమున్నది. ఆ లోటును పూడ్చడానికా అన్నట్లు, 2018లో చైనాలో కొందరు చేతిపట్టీని టాయిలెట్ పేపరు చుట్టకు తొడిగితే, కాగితానికి గుండె కొట్టుకొంటున్నట్లు అది అంకెలు చూపించింది. చల్‌గల్ మామిడి మార్కెట్‌లో బంగినపల్లి కాయకు తొడిగి చూసినవారు లేరు గాని, చూస్తే అది జోన్ టూలో ఉన్నట్లు తేలినా ఆశ్చర్యపోనవసరం లేదు.

జీపీఎస్ సంగతి, అంటే అమెరికా సైన్యం నడిపే ఉపగ్రహాల సంకేతాలను బట్టి భూమి మీద ఉన్నచోటును లెక్కగట్టే ఏర్పాటు సంగతి, మరొక వినోదం. 20,200 కిలోమీటర్ల ఎత్తున అణు గడియారాలు మోసుకొని తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సాయంతో, కొద్ది మీటర్ల తేడాతో తేలే సంగతి ఏమిటంటే, ఆ పెద్దమనిషి నిన్న తిరిగిన మైదానంలోనే ఇవాళ కూడా తిరుగుతున్నాడని. వాచీలో 4.96 కిలోమీటర్ల దగ్గర నడక ముగిస్తే, మిగిలిన 40 మీటర్ల కోసం స్కూటరు చుట్టూ ప్రదక్షిణలు చేసేవారున్నారు.

కేలరీల లెక్క గురించి చెప్పవలసింది ఒక్కటే: 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల చేతి యంత్రాలను పరీక్షిస్తే, అన్నింటిలోకీ మెరుగైనది కూడా ఖర్చయిన శక్తిని 27 శాతం తప్పుగా చెప్పింది, అన్నింటిలోకీ అధ్వానమైనది 93 శాతం తప్పుగా చెప్పింది. ఇక వాచీ గుర్తుచేసే రోజుకు పదివేల అడుగుల నియమం 1965లో జపాన్‌లో ఒక అడుగుల లెక్క యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరు నుంచి పుట్టింది.

అడుగుల లెక్క కూడా మణికట్టు ఊపును బట్టే జరుగుతుంది, కాళ్లతో దానికి నిమిత్తం లేదు. అందుకే రెండు చేతులూ కదలకుండా పిడికి బిగించి తోపుడు బండిని జగిత్యాల బజారు ఎండలో నెట్టుకుపోయేవాడు వాచీ దృష్టిలో ఇంచుమించు నిలబడి ఉన్నవాడే. సిరిసిల్ల కార్ఖానాలో ఎనిమిది, పది సాంచెలను, అంటే మరమగ్గాలను, ఒక్కడే చూసుకొంటూ, తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ పన్నెండు గంటల షిఫ్టులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాడి నడకను ఎవరూ వ్యాయామం అనలేదు, అతని గుండె ఏ జోన్‌లో ఉన్నదో ఆసామీ గాని సేటు గాని అడగలేదు. చప్పుడు మితిమీరితే చెవులకు చేటని హెచ్చరించే సౌకర్యం కూడా కొన్ని వాచీల్లో ఉన్నదట, సాంచెల కార్ఖానాలో ఆ హెచ్చరిక వినబడదు. కోరుట్లలో ఒళ్లో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, పొద్దస్తమానం వంగి కూర్చొని వెయ్యి బీడీలు చుట్టే ఆడమనిషికి, గంటకొకసారి లేచి నిలబడమని ఆ వాచీ హితవు చెబుతుంది. లేచి నిలబడితే ఆ వెయ్యి ఎవరు చుడతారు?

ఇక్కడి నుంచి వ్యంగ్యం సాగదు. ఒకప్పుడు టేప్ రికార్డరు, సీకో గడియారం, సెంటుసీసా దిగిన దుబాయి సూట్‌కేసులోంచే ఇప్పుడు ఈ వాచీ బావకో తమ్ముడికో కానుకగా దిగుతున్నది. దానిని తెచ్చినవాడు ఎవడు? వడ్డీకి తెచ్చిన అప్పుతో ఏజెంటుకు డబ్బు కట్టి, లేబర్ క్యాంపులో పదిమందితో ఒకే గదిలో పడుకొని, వేసవి ఎండలో ఇనుపకడ్డీలు మోసినవాడు. వీసా చెల్లక ‘ఖల్లివెల్లి’ అయినవాడికి ఆ గది కూడా దక్కదు. ఖతర్, కువైట్, సౌదీ, ఎమిరేట్స్ దేశాల్లో వేసవి మధ్యాహ్నం కొన్ని గంటలపాటు ఎండలో పని చేయించరాదన్న నిబంధనలు ఉన్నవి. మిగిలిన గంటల్లో ఎండ సెలవు తీసుకోదు. ఖతర్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల లెక్కలను 2009 నుంచి 2017 వరకు పరిశీలించి, 2019లో అచ్చయిన అధ్యయనం, గుండె జబ్బు మరణాలకూ ఆ ఎండ తీవ్రతకూ గట్టి సంబంధం ఉన్నదని చూపింది. అదే ఎండలో, అదే పనిలో తెలుగువాడూ ఉన్నాడు. రాత్రి క్యాంపులో పడుకొని తెల్లవారి లేవనివాడి శవపేటిక శంషాబాద్ మీదుగా జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు చేరినప్పుడు, దాని వెంట వచ్చే కాగితంలో తరచూ ఉండేది సహజ మరణమనో, గుండె ఆగిందనో ఒక్క ముక్క. ముప్పయ్యేళ్లవాడి గుండె ఆగడంలో సహజం ఏమున్నది? గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు తెచ్చింది, మంచిదే; కాని అది గుండె ఆగిన తర్వాతి లెక్క.

ఆగకముందు లెక్క చూసే పని ఎవరూ పెట్టుకోలేదు. వెళ్లేముందు కార్మికుడు తన డబ్బుతో చేయించుకొనే గల్ఫ్ మెడికల్ అతని కోసం ఉద్దేశించినది కాదు, క్షయ, ఎయిడ్స్, కామెర్ల వంటివి ఆ దేశానికి మోసుకుపోడని యజమానికి హామీ ఇవ్వడానికి ఉద్దేశించినది. అక్కడ నాలుగేళ్లు ఎండలో కరిగి తిరిగివచ్చినవాడి రక్తపోటు ఎంతో చూసే దిక్కు లేదు. రోజుకు రెండు గంటలు చల్లగాలిలో నడిచేవాడి గుండె చప్పుళ్లన్నీ ఒకటీ పోకుండా ఎక్కడో సర్వర్లలో భద్రంగా ఉన్నవి. తట్ట మోసేవాడి గుండె గురించి ఉన్న రికార్డు మరణ ధ్రువపత్రం ఒక్కటే. ఆ చేతికి కట్టవలసిన యంత్రాన్ని ఈ చేతికి కట్టి, దానికి ఆరోగ్య చైతన్యం అని పేరు పెట్టడం సిగ్గుమాలిన పని.

కనుక మూడు ఊళ్లలోని వాకర్స్ సంఘాల పెద్దలు ఒక పని చేయాలి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు బంధువుల ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టకముందే అతణ్ణి సర్కారు దవాఖానాకు తీసుకువెళ్లి, రక్తపోటు, చక్కెర పరీక్షలతో పాటు, గుండె విద్యుత్తు తీరును కాగితం మీద గీసే ఈసీజీ కూడా తీయించి, ఆ కాగితాన్ని అతని పాస్‌పోర్టు కవరులో పెట్టించాలి. జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి, ఈ పరీక్షలకు అక్కడ డబ్బు తీసుకోరు.